పక్క టార్గెట్

మా తమ్ముడు లయల్‌ని "తూటాలు సొంతంగా ఎందుకు కట్టుకుంటావు?" అని ఎవరైనా అడిగారంటే ఇక ఆ పూట వాళ్ళకి తిండీ లేదు, నీళ్ళూ లేవు. గొర్రెల డాక్టరు ఒకసారి తెలియక అడిగాడు. లోపల ఈనలేక గొర్రె అరుస్తుంటే ఈ మహానుభావుడు ఆయన్ని గేటు దగ్గరే నిలబెట్టి తుపాకీ మందు రకాల గురించి మొదలెట్టాడు. వాడి పెళ్ళాం జానిస్ వచ్చి డాక్టరుని చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది కాబట్టి గొర్రె బతికింది.

ఈ జబ్బు మావాడొక్కడికే కాదు, మా బురాంగీ రైఫిల్ క్లబ్బులో మగవాళ్ళందరికీ ఉంది. కాల్చేసిన తూటాల ఇత్తడి తొడుగుల్ని గడ్డిలోంచి ముత్యాల్లా ఏరుకుంటారు. ఇంటికి తీసుకెళ్ళి తోముతారు, సాగిపోయిన మూతిని నొక్కి సరిచేస్తారు, అడుగున నిప్పంటించే కొత్త క్యాపు పెడతారు, మందు పోస్తారు, పైన గుండు బిగిస్తారు. వచ్చే ఆదివారం అవే తెచ్చి కాల్చి మళ్ళీ ఏరుకుంటారు. పొయ్యి మీద సాసేజీలు బొగ్గైపోతున్నా చూసుకోరు గానీ, తక్కెట్లో మందు ఒక్క పలుకు ఎక్కువైతే పట్టకారుతో తీసి పక్కన పెడతారు. ఎందుకయ్యా ఇదంతా అంటే ఒక్కొక్కడి దగ్గరా ఒక్కో పురాణం.

మావాడి పురాణంలో మొదటి అధ్యాయం పొదుపు. షాపులో కొనేదానికంటే ఇంట్లో కట్టుకుంటే చవక అంటాడు. ఆ చవక కోసం కొన్న మిషన్లూ, తక్కెళ్ళూ, అచ్చులూ షెడ్డులో గోడ కనపడకుండా పేర్చి ఉన్నాయి. ఆ ఇంట్లో గిన్నెలు తోమే మిషను చెడిపోయి నాలుగేళ్ళయింది. ఇత్తడి తొడుగులు తోమే మిషను మాత్రం రాత్రింబవళ్ళు గరగరమంటూ తిరుగుతూనే ఉంటుంది.

"నన్ను కూడా దాంట్లో పడెయ్యమనండి వదినా, కనీసం మెరుస్తాను," అంది జానిస్ ఒకసారి, సింకు ముందు నిలబడి చేతులకి సబ్బు నురగతో.

రెండో అధ్యాయం రుచి. ప్రతి రైఫిల్‌కీ ఒక నోరుంటుందట, ఆ నోటికి ఒక రుచి ఉంటుందట. షాపు తూటా హోటలు తిండిలాంటిది, అందరికీ ఒకటే వండుతారు. ఇంట్లో కట్టిన తూటా ఆ రైఫిల్ కోసమే వండిన వంట.

"పుట్టి బుద్ధెరిగాక నువ్వు వంటింట్లో గుడ్డైనా ఉడకేశావురా?" అన్నాను.

"అది వేరు అక్కా."

"వేరే మరి. ఆకలి మనుషులకే కదా వేసేది, రైఫిల్‌కి కాదుగా."

ఇక స్వావలంబన అనే ముచ్చట ఒకటుంది. రేపు షాపుల్లో తూటాలు దొరక్కపోతే ఏం చేస్తావు, నేనైతే ఎవడి మీదా ఆధారపడను అని ఛాతీ విరుచుకుంటాడు. మరి నువ్వు క్యాపులూ, మందూ, గుండ్లూ తెచ్చేది ఎక్కణ్ణుంచి, చేలో పండిస్తున్నావా అంటే మొహం ముడుచుకుంటాడు. మనసుకి ప్రశాంతత అని కూడా అంటాడు. ఆ ఒక్కదాంట్లో నిజం ఉంది. వాడు షెడ్డు తలుపు వేసుకోగానే ఇంట్లో తనకి కూడా ఎంతో ప్రశాంతంగా ఉంటుందని జానిస్ చెప్పింది.

నేను షాపులో కొన్న తూటాలే కాలుస్తాను. డబ్బా విప్పడం, కాల్చడం, డబ్బా చెత్తలో పారెయ్యడం. ఏడొందల గజాల దూరంలో ఉన్న టార్గెట్‌ని కొట్టాలంటే కావలసింది గాలిని చదవడం. దారి పొడవునా నాటిన జెండాలు ఎటు లేస్తున్నాయి, ఎంత లేస్తున్నాయి, ఎప్పుడు వాలుతున్నాయి అన్నది కన్నుకి తెలియాలి. అది తెలియనివాడు బంగారంతో తూటా పోతపోసినా గాలి దాన్ని ఎత్తుకెళ్ళి పక్కన పడేస్తుంది. మా నాన్న క్లబ్బులో అందరి ముందూ అనేవాడు, "కన్ను పిల్లకొచ్చింది, పిల్లాడికి ఓపికొచ్చింది," అని. క్లబ్బు గోడ మీద గెలిచినవాళ్ళ పేర్లు బంగారు రంగులో రాసిన బోర్డుండేది. అందులో నాన్న పేరుంది. నా పేరు పోయినేడాది దాకా మూడుసార్లుంది. లయల్ పేరు లేదు. వాడికి అప్పటికే అరవై నాలుగేళ్ళు.

పోయినేడాది క్లబ్బుకి ఆఖరి ఏడాది. గాలిమరలు నాటే కంపెనీవాళ్ళు ఆ నేలంతా తీసుకున్నారు. ఇన్నేళ్ళూ మమ్మల్ని ఏడిపించిన గాలికి ఇప్పుడు గిరాకీ వచ్చిందన్నమాట. మా వైపు ఎండలు మొదలయ్యే అక్టోబరులో ఆఖరి పోటీ అని తెలిశాక, లయల్ ఒకరోజు మా వంటింట్లో టీ కప్పు ముందు కూర్చుని అసలు సంగతి బయటపెట్టాడు.

"అక్కా, బోర్డు మీద ఇంకొక్క పేరుకే చోటుంది."

"ఉంటే?"

"అది నాదవ్వాలి. ఆ తర్వాత బోర్డు టౌన్‌హాల్‌కి వెళ్ళిపోతుంది. నా మనవలు వచ్చి చూస్తే తాత పేరు లేకుండా ఉండకూడదు."

"అయితే షెడ్డులోంచి బయటికొచ్చి జెండాల కింద కూర్చో. గాలి చూడు."

"చలికాలమంతా ఒక కొత్త మందుతో కడుతున్నా. ఈసారి తూటా వంక పెట్టడానికి లేకుండా చేస్తా."

"తూటాకి వంకేం లేదురా. వెనకున్నవాడికే ఉంది," అన్నాను. నవ్వాను కూడా. వాడు నవ్వలేదు. టీ తాగి, కప్పు కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు.

పోటీ రోజున పొద్దున్నుంచే వడగాలి, ఈగలు. చుట్టూ గోధుమ చేలు పండి ఎండిపోయి ఉన్నాయి. అందరం దిబ్బ మీద చాపలు పరుచుకుని బోర్లా పడుకున్నాం. చీట్లు తీస్తే నాకు మూడో టార్గెట్ వచ్చింది, లయల్‌కి నాలుగు. వాడి చాప నా చాప పక్కనే. క్లబ్బు కెప్టెన్ ముసలి నోస్కె ఎనభై దాటినవాడు, నన్ను ఇప్పటికీ అమ్మాయ్ అనే పిలుస్తాడు. వెనక గొడుగు కింద కుర్చీ వేసుకుని, వాచీ చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

ఆ రోజు మావాడికి ఏం పూనిందో తెలియదు. ఐదొందల గజాల దగ్గర ఒక్క గుండూ గురి తప్పలేదు. ఆరొందల దగ్గరా అంతే. మధ్యాహ్నం టీ దగ్గర హార్ట్‌విగ్ అనే మరో తూటాల పిచ్చోడు వాడి చుట్టూ ఈగలా తిరిగాడు.

"ఏం మందురా అది? మూతి ఎంత నొక్కావు? చెప్పరా బాబూ, నేనెవరికీ చెప్పను."

"చెబితే ఇంకేముంది?" అంటూ లయల్ కేకు ముక్క నోట్లో పెట్టుకున్నాడు. పెళ్ళికొడుకులా ఉన్నాడు.

"గ్లెనిస్, చూశావా? షాపు సరుకు ఎక్కడ, ఇది ఎక్కడ!" అన్నాడు హార్ట్‌విగ్ నాతో.

"చూస్తున్నా. ఇంకా ఏడొందలు ఉందిగా, తొందరెందుకు?" అన్నాను. ఒళ్ళు మండిందని వేరే చెప్పాలా? పొద్దున్నుంచి వాడు నాకంటే ముందే ఉన్నాడు. పైగా ప్రతి గుండూ నా తర్వాతే కాలుస్తున్నాడు. నేను కాల్చి, నా టార్గెట్‌ని గుంటలో ఉన్నవాళ్ళు కిందికి దించి, గుండు పడ్డచోట మార్కు పెట్టి పైకెత్తేదాకా వాడు తూటాని చొక్కా అంచుతో తుడుస్తూ, దుర్భిణిలో కన్ను పెట్టి కూర్చుంటాడు. ఆ తుడుపుడు చూసి, దేవుడికి నైవేద్యం పెడుతున్నాడు కాబోలు అనుకున్నాను.

ఏడొందల గజాల దగ్గర ఇద్దరికీ ఒక్కో గుండు మిగిలింది. లయల్ నాకంటే మూడు పాయింట్లు ముందున్నాడు. మిగతావాళ్ళు ఎక్కడో వెనక ఉన్నారు. వాడు టార్గెట్ మీద ఏదో ఒక మూల కొట్టినా దాదాపు గెలిచినట్టే. వెనక జనం కుర్చీల్లోంచి లేచారు. జానిస్ చేతిలో టీ ఫ్లాస్కు మూత తెరిచి అలాగే పట్టుకుని నిలబడింది.

గాలి కుడివైపు నుంచి ఆగకుండా వీస్తోంది. నేను కాల్చలేదు. సద్దుమణిగేదాకా ఆగుదామనుకున్నాను. లయల్ కూడా కాల్చలేదు. దుర్భిణిలోంచి కన్ను తీయడం లేదు. నేను ఆగుతున్నాను, వాడూ ఆగుతున్నాడు.

"ఇద్దరికీ టైం అయిపోతోంది," అన్నాడు నోస్కె వెనక నుంచి. "లయల్, వింటున్నావా?"

సరిగ్గా అప్పుడు మా దగ్గర ఉన్న జెండాలు వాలాయి. వాలాయి కదా అని కుడివైపు గాలికి పెట్టుకున్న సర్దుబాటు తీసేసి నేను కాల్చేశాను. అదే క్షణంలో నా పక్కన లయల్ రైఫిల్ కూడా మోగింది. రెండు శబ్దాలూ ఒకటే అయ్యాయి.

మూడో టార్గెట్ కిందికి దిగింది. నాలుగోది కదల్లేదు.

"మీవాళ్ళు నిద్రపోతున్నారా?" అని నోస్కె గుంటలో ఉన్నవాళ్ళని ఫోన్లో అడిగాడు. నాలుగులో ఏమీ పడలేదని అవతల నుంచి చెప్పారు. అంతలో నా టార్గెట్ పైకి వచ్చింది. దాని మీద రెండు మార్కులున్నాయి. ఒకటి నట్టనడుమ చుక్కలో, ఐదు పాయింట్ల చోట. ఇంకొకటి ఎడమవైపు అంచున, రెండు పాయింట్ల చోట.

పక్కవాడి టార్గెట్‌ని కొట్టడం మా ఆటలో కొత్త కాదు. ఏడొందల గజాల నుంచి చూస్తే, నెంబరు తప్ప అన్నీ ఒకేలా ఉండే తెల్ల పలకలు. అలా కొట్టినవాడికి సున్నా. ఎవరి టార్గెట్ మీద రెండు పడ్డాయో వాళ్ళకి అందులో పెద్దది రాస్తారు. అది పాత రూలు, దాని మీద మాట్లాడేదేమీ లేదు. అంటే వాడికి సున్నా, నాకు ఐదు. బోర్డు మీద ఆఖరి పేరు నాదే.

కానీ ఎడమ అంచున పడింది నాదే. కాల్చిన మరుక్షణమే నాకు తెలుసు. దగ్గర జెండాలు వాలాయి గానీ, టార్గెట్ పక్కన ఉన్న దూరపు జెండా ఇంకా బారుగా ఎగురుతూనే ఉంది. నేను దాన్ని చూడలేదు. చిన్నపిల్లలు చేసే తప్పు అది.

"నోస్కె, ఎడమది నాది. రెండు రాయి, ఒక్క పాయింటుతో వాడే గెలుస్తాడు," అన్నాను లేచి నిలబడి.

"పెద్దది రాయాలి అమ్మాయ్."

"నా గుండు ఎటు పోయిందో నాకు తెలియదా? రెండు రాయమంటుంటే!"

"ఎవరిది ఎటు పోయిందో దేవుడికి తెలుసు. నా దగ్గర ఉన్నది రూలు. నువ్వు పోటీ నుంచి తప్పుకుంటానంటే ఆ జాగా ఖాళీగా వదిలేస్తాను. అంతేగానీ తప్పు టార్గెట్ కొట్టినవాడి పేరు రాయను."

"ముసలాడివైపోయావు గానీ బుద్ధి మాత్రం..."

"అక్కా, ఆగు," అన్నాడు లయల్.

వాడు ఇంకా చాప మీదే పడుకుని దుర్భిణిలో నా టార్గెట్ చూస్తున్నాడు. మొహం తెల్లగా పాలిపోయింది. అయినా ఆ మొహంలో ఒక మూల సంబరం ఉంది చూడండి, అది చూసి నాకు తల బాదుకోవాలనిపించింది.

"నట్టనడుమ పడింది అక్కా. ఇంతకంటే మధ్యలో కొట్టాలంటే కుదరదు. ఏం తూటారా బాబూ!"

"ఛీ, నీ తూటా తగలెయ్య! ఊరంతా చూస్తుండగా ఆట పోగొట్టుకుని తూటా బాగుందంటావేంట్రా? నాలుగో నెంబరు అంత పెద్దగా రాసి ఉంటే కళ్ళెక్కడ పెట్టావు?"

వాడు రైఫిల్ తెరిచి, ఖాళీ తొడుగు తీసి, చొక్కాతో తుడిచి, డబ్బాలో దాని చోట్లో పెట్టాడు. ఆ తర్వాత లేచి వెళ్ళి నోస్కె చేతిలో చెయ్యి కలిపాడు. "నాది సున్నా. అక్కకి ఐదు. అక్క తప్పుకోదు. దయ తలిచి ఇచ్చే పేరు నాకొద్దు," అన్నాడు.

జానిస్ ఫ్లాస్కు మూత బిగించి కారు వైపు వెళ్ళిపోయింది.

గెలిచినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, రెండు కర్రలు దూర్చి, భుజాల మీద దిబ్బ నుంచి క్లబ్బు దాకా మోసుకెళ్ళడం మా దగ్గర అలవాటు. నేను వద్దంటే వద్దన్నాను. వింటారా? ఆఖరి ఏడాది, ఆఖరి కుర్చీ అంటూ నలుగురు కలిసి నన్ను ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టేశారు. కుడివైపు ముందు కర్ర కింద భుజం పెట్టింది ఎవరో కాదు, లయలే.

"గ్లెనిస్, కేకులు కాస్త తగ్గించాల్సింది," అన్నాడు వెనక నుంచి హార్ట్‌విగ్, రొప్పుతూ.

"నోరు మూసుకుని మొయ్యి."

అందరూ చప్పట్లు కొడుతున్నారు. నా కాళ్ళ పక్కనే లయల్ తల, మీద పాత టోపీ, చెవి వెనక చెమట. నాకు ఎటూ చూడాలనిపించలేదు.

"ఒరేయ్," అన్నాను వాడికి మాత్రమే వినిపించేలా, కిందికి వంగి. "నిజం చెప్పు. నా టార్గెట్ మీదికి నీ రైఫిల్ ఎలా వచ్చింది?"

"పొద్దున్నుంచీ దాన్నే చూస్తున్నా కదా."

"ఎందుకు?"

"నీ గుండు ఎటు కొట్టుకుపోయిందో చూసి, దాన్నిబట్టి నేను సర్దుకుని కాలుస్తా. పొద్దున్నుంచే కాదులే, ఎప్పుడూ అంతే. పక్కన చోటు దొరికినప్పుడల్లా. గాలి నాకు అర్థం కాదని నాన్న చెప్పాడుగా. మందూ, గుండూ, తొడుగూ ఇంట్లో కూర్చుని ఓపిగ్గా చేసుకోవచ్చు, దానికి కన్ను అక్కర్లేదు. అందుకే ఆ సగం తప్పులేకుండా చేసుకుంటా. మిగతా సగానికి నువ్వున్నావు." వాడు భుజం మార్చుకున్నాడు. "ఇవాళ ఆఖరి గుండుకి నువ్వెంతకీ కాల్చలేదు. నోస్కె టైం అన్నాడు. కంగారులో దుర్భిణి వదిలి రైఫిల్ పట్టుకుంటే కన్ను నీ పలక మీదే ఉండిపోయింది."

ఇన్నేళ్ళుగా వాడు చెప్పిన కారణాలన్నిటికీ నా దగ్గర జవాబుంది. పొదుపుకి ఉంది, రుచికి ఉంది, స్వావలంబనకి ఉంది. అసలు కారణం ఇదీ అని మాత్రం ఇప్పుడే విన్నాను.

"నన్ను అడగొచ్చు కదరా, దద్దమ్మా. ఆదివారాలన్నీ పక్కనే చచ్చాను కదా. గాలి ఎలా చూడాలో నేర్పించేదాన్ని కదా!"

"నేర్పించేదానివే అక్కా. దాంతోపాటు ఒక గంట తిట్టేదానివి." వాడు తల ఎత్తకుండానే నవ్వాడు. "నీ టార్గెట్ తిట్టదు."

కుర్చీ ముందుకి సాగుతోంది. క్లబ్బు గుమ్మం దగ్గర జనం దారి ఇస్తున్నారు. అప్పటికి గానీ నా మట్టిబుర్రకి ఎక్కలేదు. నేను కాల్చేదాకా వాడు చూడాలనుకున్నాడు. కానీ చూడలేదు. ఇద్దరం ఒకేసారి కాల్చాం. అంటే ఆ గుండుకి వాడికి నా సాయం లేదు. నన్ను చూసి సర్దుకుని ఉంటే వాడిది కుడి అంచుకి పోయేది.

"ఆఖరి గుండుకి గాలి ఎంత పెట్టావురా?" అన్నాను.

"ముందున్నదే ఉంచేశా."

"ఎందుకుంచావు? దగ్గర జెండాలు వాలిపోయాయిగా."

"వాలాయి. కానీ దూరంగా టార్గెట్ పక్కన ఒకటుంది చూడు, అది వాలలేదు. అదెందుకో అబద్ధం చెప్పడం లేదనిపించింది," అన్నాడు. అని, తప్పు చెప్పానేమోనని నా వైపు తలెత్తి చూశాడు. అరవై నాలుగేళ్ళ మనిషి.

నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, వాడి మీద కాదు. పోయిన నాన్న మీద వచ్చింది, నా నోటి మీద వచ్చింది.

"లయల్, విను. నేను దగ్గర జెండాలు చూసి మోసపోయాను. అంచుకి పోయింది నాది. నడిమధ్యలో పడింది నీది. తూటా వల్ల కాదు. ఆ గాలిని నేను తప్పు చదివాను, నువ్వు సరిగ్గా చదివావు. నీకు కన్నుంది."

వాడు నడుస్తున్నవాడు నడుస్తున్నట్టే ఆగిపోయాడు. కుర్చీ ఒక పక్కకి ఒరిగింది, నేను కర్ర పట్టుకుని వేలాడాను. వెనక నుంచి హార్ట్‌విగ్ బూతు తిట్టాడు. అందరూ కంగారుగా అరుస్తున్నారు. లయల్‌కి అవేవీ వినపడుతున్నట్టు లేదు. టోపీ వెనక్కి తోసుకుని నన్నే చూస్తున్నాడు.

"ఇంకోసారి చెప్పు అక్కా," అన్నాడు. "నోస్కెకి కొంచెం చెవుడు."

అందరికీ వినపడేలా ఇంకోసారి చెప్పాను.